మామగారిని లెక్కలో కలిపిన మనిషి

ముప్పై మూడేళ్ల క్రితం జూన్ మూడవ తేదీ, సోమవారం నాడు, ఒక చేత నియామక పత్రమూ మరొక చేత తడిసిన గొడుగూ ధరించి, మన కార్యాలయపు మూడవ అంతస్తులో మెట్ల వెనుకనున్న గది గుమ్మంలో ఒక బక్కపలుచని యువకుడు నిలబడి, "దేశాల సైనిక వ్యయాలు పోల్చే విభాగం ఇదేనాండీ?" అని వినయపూర్వకంగా ప్రశ్నించారు. "ఇదే. తలుపు గట్టిగా వెయ్యకండి, ఊడొస్తుంది" అని ఆనాటి గుమాస్తాగారు స్వాగత వచనం పలికారట. తలుపు నేటికీ అదే స్థితిలో ఉన్నది. ఆ యువకుడు మాత్రం మన విభాగాధిపతిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

వారిని గురించి నాలుగు మంచి మాటలు రాయవలసిందిగా మన కార్యాలయపు వీడ్కోలు సంచిక సంపాదకవర్గం నన్ను ఆదేశించింది. పద్దెనిమిదేళ్లుగా వారి ఎదుటి బల్ల వద్ద కూర్చుని, రోజూ వారితో వాదించి, రోజూ ఓడిపోయి, ఒకటో తారీఖు నుంచి వారి కుర్చీలోనే కూర్చోబోతున్నదాన్ని గనుక ఆ ఎంపిక సముచితమే. నా నోటి దురుసు సంగతి మాత్రం సంపాదకులు మరచినట్టున్నారు.

మన విభాగపు కర్తవ్యం చెప్పడానికి సులభం, చేయడానికి ప్రాణాంతకం. ఏ దేశం తన సైన్యంపై ఎంత వెచ్చిస్తున్నదో లెక్కగట్టి ఏటా ఒక పట్టిక ప్రచురించాలి. ఒక దేశం సరిహద్దు కావలివారిని సైన్యంలో చూపిస్తుంది, మరొకటి పోలీసుల్లో దాచేస్తుంది. ఒకచోట ఒక్క సైనికుడి క్షవరానికయ్యే సొమ్ముతో మరొకచోట పటాలం మొత్తానికి గుండు కొట్టించవచ్చు. అందుచేత వారు ఏ అంకె పలికినా దాని వెనుక "అయితే" అన్న మాట తగిలించనిదే ఊపిరి తీసుకునేవారు కారు. "ఆ దేశం ఖర్చు మనకి రెండింతలా సార్?" అని ఎవరైనా అడిగితే, "రెండింతలే. అయితే..." అని మొదలుపెట్టేవారు, అడిగిన పెద్దమనిషి కిందికి పోయి టీ తాగి వచ్చేసరికి కూడా ఆ వాక్యానికి క్రియాపదం దొరికేది కాదు. కార్యాలయమంతా వారిని "అయితేగారు" అని పిలుచుకునే సంగతి వారికి తెలియనిదేమీ కాదు. ఒకనాడు టెలిఫోనులో "నేనేనండీ, అయితేగారిని" అని వారే చెప్పుకోవడం నేను చెవులారా విన్నాను.

ఇంట్లోనూ ఇదే వరస. పక్కవాటా వాళ్లు పెద్ద ఫ్రిజ్జు కొన్నారని శ్రీమతిగారు ప్రస్తావిస్తే, వాళ్లింట్లో మనుషులెందరు, ఆదాయంలో అది ఎంత శాతం అని వీరు విచారణ ప్రారంభించారట. "శాతాలు మీరు చల్లబరుచుకోండి. నాకు మంచినీళ్లు చల్లబడితే చాలు" అని ఆ ఇల్లాలు తేల్చేశారు. ఫ్రిజ్జు మరుసటి వారమే వచ్చింది.

ఇక అసలు కథకు వస్తాను. ఉద్యోగంలో చేరిన కొన్నేళ్లకు వారు స్వతంత్రంగా రూపొందించిన తొలి పట్టిక అచ్చయింది. ఉబ్బి తబ్బిబ్బై ఆ సాయంత్రమే ఒక ప్రతిని తీసుకుపోయి మామగారి చేతిలో పెట్టారు. ఆ మామగారు సైన్యంలో గుర్రాల దళంలో పనిచేసి, మోకాలిలో ఒక ఇనుప తునకతో ఇంటికి చేరి, భార్యాసమేతంగా కూతురి దగ్గర ఉంటూ పింఛనుపై కాలక్షేపం చేస్తున్న పెద్దాయన. భూతద్దం పట్టుకుని పట్టికంతా ఆమూలాగ్రం చదివారు.

"జీతాలున్నాయి, తుపాకులున్నాయి, గుర్రాల దాణా కూడా ఉంది. మరి మా పింఛన్లేవి అల్లుడుగారూ?"

"అవి సంక్షేమం కింద పోతాయండీ మావయ్యగారూ. సైనిక వ్యయంలోకి రావు."

పెద్దాయన భూతద్దం కింద పెట్టేశారు. ఆనాటి నుంచి అల్లుడితో ముఖాముఖి సంభాషణ బంద్. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా భోంచేస్తూ కూడా, చెప్పదలచినదంతా కూతురి మీదుగానే.

"అమ్మాయ్, మీ ఆయన్ని అడుగు. గుర్రం గడ్డి తింటే సైనిక వ్యయమట, దాన్ని తోలినవాడు అన్నం తింటే కాదట. ఇదెక్కడి న్యాయమో కనుక్కో."

"ఆయన ఇక్కడే ఉన్నారు కదా నాన్నా, నువ్వే అడుగు."

"లెక్కలో లేనివాణ్ని, నేనేం అడుగుతానమ్మా."

పాపం, శ్రీమతిగారు ఏడాది పొడవునా రెండు దేశాల నడుమ రాయబారిలా నలిగిపోయారు. అల్లుడుగారు మాత్రం ఆ ఏడాదంతా ప్రపంచ దేశాల పద్దులన్నీ తిరగేసి, కొందరు పింఛన్లు కలుపుతారనీ కొందరు కలపరనీ, కలపనివారిని కలిపినవారితో పోల్చడం శుద్ధ తప్పనీ గ్రహించి, మరుసటి పట్టికలో అన్ని దేశాలకూ పింఛన్ల గడి ఒకటి చేర్చారు. పెద్దాయన మళ్లీ భూతద్దం తీశారు. "ఇందులో నేనెక్కడున్నానో చూపించండి అల్లుడుగారూ" అన్నారు. అల్లుడుగారు వేలు పెట్టి చూపించారు. ఆ రాత్రి ఆ ఇంట్లో అందరూ నేరుగానే మాట్లాడుకున్నారు.

ఆ గడే తరువాత వారి కొంప ముంచింది. నేను ఈ విభాగంలో చేరిన కొత్తలో, ఉప సంచాలక పదవికి వారి పేరు దాదాపు ఖరారైన తరుణంలో, అప్పటి సంచాలకులవారు పిలిపించారు. పట్టిక పట్టుకుని నేనూ వెంట వెళ్లాను.

"పింఛన్లతో కలిపితే మన ఖర్చు పొరుగుదేశాన్ని దాటిపోతోందయ్యా. ఇంకా డబ్బు కావాలని సభలో ఏ మొహం పెట్టుకుని అడుగుతాం? ఆ గడి తీసెయ్యండి."

"రెండు దేశాలకీ తీసెయ్యమంటారా సార్?"

"వాళ్లది ఉంచండి. మనది తీసెయ్యండి."

"పక్కింట్లో ముసలాళ్ల కంచాలు లెక్కపెట్టి, మనింట్లో ముసలాళ్లు తిండే తినరంటే ఎలా సార్? పైగా నాకు రేపట్నుంచి ఇంట్లో భోజనం ఉండదు."

సంచాలకులవారికి ఆ రెండవ వాక్యం అర్థం కాలేదు. మొదటిది బాగానే అర్థమైంది. గడి నిలిచింది, పదవి మాత్రం వేరొకరి తలుపు తట్టింది. వీరు మెట్ల వెనుక గదికి తిరిగి వచ్చి, తలుపును మెల్లగా చేరవేసి కూర్చున్నారు. "కోపం రాలేదా సార్?" అని ఉండబట్టలేక అడిగాను. "రాకేమమ్మా, చాలా వచ్చింది. అయితే..." అన్నారు. పద్దెనిమిదేళ్లలో వారు పూర్తిచేయకుండా విడిచిపెట్టిన వాక్యం అదొక్కటే. నాకు ఇప్పటికీ ఆ సంచాలకుల మీద కోపం పోలేదు.

కొన్నేళ్లకు మామగారు కాలధర్మం చెందారు. మన పట్టికలో అంకెలు కోట్లలో ఉంటాయి. ఒక పెద్దాయన పింఛను ఆగిపోతే ఏ అంకే కదలదు. అయినప్పటికీ ఆ ఏడు పింఛన్ల గడి అడుగున సన్నని అక్షరాలలో వీరొక వివరణ చేర్చారు: "గత సంవత్సరంతో పోలిస్తే ఒకరు తగ్గినారు. అయితే వారి భార్యకు కుటుంబ పింఛను లభించుచున్నందున వ్యయము సగమే తగ్గినది." ప్రూఫులు దిద్దినదాన్ని నేనే. నియమం ప్రకారం కొట్టివేయవలసిన వాక్యం. నాకు చేతులు రాలేదు. అచ్చయిన పేజీ చూసి అత్తగారు, "పోతూ పోతూ కూడా సగం నాకు అట్టేపెట్టాడు మహానుభావుడు" అని నవ్వి, వెంటనే కొంగుతో కళ్లు ఒత్తుకున్నారని శ్రీమతిగారు చెప్పారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, కిందటి నెల పై అంతస్తు నుంచి మళ్లీ అదే సూచన దిగింది: వచ్చే ఏటి పట్టికలో మన పింఛన్ల గడి అవసరమా, పరిశీలించగలరు అని. కొత్త కుర్చీ, కొత్త మనిషి, మెత్తగా ఉంటుందేమోనని కాబోలు. నిన్న సొరుగులు ఖాళీ చేస్తూ అయితేగారు నా వంక చూడకుండానే అడిగారు.

"అమ్మా, ఆ గడి... ఉంచుతారు కదూ?"

నోరు దురుసుదాన్నే కానీ ఆ క్షణాన మాత్రం, గొడుగు మరచిపోకండి సార్ అని ఏదో అనేశాను. అందువల్ల జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఈ సంచిక మొదటి ప్రతి ఇప్పటి సంచాలకులవారికే అందుతుందని తెలిసే రాస్తున్నాను.

పూజ్యులైన అయితేగారూ, మీరు రక్షణశాఖ ఉద్యోగి గనుక ఒకటో తారీఖున జీతాల గడిలో ఒకరు తగ్గి, పింఛన్ల గడిలో ఒకరు పెరుగుతారు. మామగారి పక్కనే మీ చోటు. నేను ఈ కుర్చీలో ఉన్నంతకాలం మిమ్మల్ని లెక్కలోంచి తీసేసే మొనగాడు ఇంకా పుట్టలేదు. మీరు శ్రీమతిగారి చల్లని నీళ్లు తాగుతూ, సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు జీవించి, ఈ దేశపు సైనిక వ్యయాన్ని ఏటేటా నిరాటంకంగా పెంచుతూ ఉండాలని మనసారా ఆకాంక్షిస్తున్నాను.

ఈ వాక్యానికి "అయితే" లేదు.