కూర్చోబెట్టిన గింజలు

"తాతా, మీ పెద్దనాయనకు చేనులో భాగం ఎందుకు రాలేదు?"

మృగశిర కార్తె పెట్టిన నాడు, ఆదివారం, అమ్మీ. పొద్దున సన్నతుంపర. మధ్యాహ్నానికి మబ్బు దిగి గాలి నిలిచిపాయె. యుద్ధం జరుగుతాండె, మగ్గానికి నూలు దొరకదు. నేను కాలేజీ సెలవులకు ఆత్మకూరు వచ్చిన్నా. ఇంటికంతా మిగిలిన ఆధారం ఆ ఎర్రనేల చేను ఒకటే, పంచితే ఎవరికీ చాలదు. మా అవ్వ కొడుకులిద్దరినీ పిలిచి, "చెరి సగంలో ముంతమామిడి పెట్టండి. ఎవని సగం మొలిస్తే చేను వానిది" అనె.

జీడిగింజలు అవ్వే నానబెట్టె. తేలినవి పారేసి, మునిగినవి పంచిచ్చె. "పండబెట్టొద్దు, కూర్చోబెట్టండి" అనె.

మా నాయన "ఎట్లమ్మా?" అని అడిగె. తొడిమ ఊడిన మచ్చ ఆకాశం చూడాల, రెండు వేళ్ల లోతు చాలు, అని అవ్వ చెప్పె.

పెద్దనాయన అది వినేదానికి నిలబడలా. "కూర్చోబెట్టేది నాకు నేర్పుతావామ్మా?" అని నవ్వుకుంటా పాయె. మనోళ్లలో చచ్చినోళ్లను పండబెట్టరు గదా, గుంతలో కూర్చోబెడతారు. ఊర్లో ఆ పని ఆయనదే.

మోచేతి లోతు గుంతలు తీసె. గింజను వెడల్పు వైపు కిందికి ఆనించి, ఉత్తరం మొగాన కూర్చోబెట్టి, చిటికెడు విభూతి వేసె.

"ఏందన్నా, విత్తుతాండావా, సమాధి చేస్తాండావా?" అనె మా నాయన.

ఆయన ఒక్కోదానికి మన్ను కప్పుతా, "కదలొద్దప్పా, ఈడే ఉండు" అంటాండె. పీనుగులకు చెప్పే మాటే అది.

మా నాయన సగంలో మొలకలు గింజను నెత్తినెత్తుకొని లేచె. పెద్దనాయన సగం చదునుగా ఉండిపాయె. ఆయన రోజూ నేలకు చెవి ఆనించి, "లోపల ఉండారు" అనేవాడు. ఉండాయి అనలా, అమ్మీ. ఉండారు అనె.

అవ్వ తవ్వించె. అన్నీ మొలిచే ఉండాయి! తెల్లటి కాడలు కిందికి పోయి, మళ్లీ మెలిక తిరిగి, మోకాళ్లు ముడుచుకొని తల వంచినట్ల. తలకిందులుగా పెడితే మొలక వంగుతుందని కాలేజీలో చదివినా. అన్నీ ఉత్తరానికే ఎందుకు తిరిగినాయో యాడా చదవలా.

"మూసెయ్ నాయనా" అనె అవ్వ.

చేను మా నాయనకు వచ్చె, ఆయన పోయినాంక నాకు. మగ్గం మా మేనత్తకు. పెద్దనాయనకు ఏమీ లేదు. "చచ్చినాంక కూర్చోనీకె నా సగంలో ఇంత చోటియ్యి తమ్ముడా" అని ఒక్కటే అడిగె.

అవ్వ అనె: "అది విత్తే నేలరా, పాతే నేల గాదు."

"పాతినా గదమ్మా" అనె పెద్దనాయన.

అయినా మా నాయన ఇయ్యలా.