బిక్షపతి సముద్రం దాటించిన చీర

బిక్షపతి నోరు తెరిచాడంటే వజ్రమ్మ స్టవ్ మంట తగ్గించేస్తుంది. కథ అయ్యేదాకా ఎవరూ లేవరని, ఈలోగా చాయ్ మరిగి మరిగి అడుగంటుతుందని ఆమెకు తెలుసు. సూరత్‌లో తెలుగు నేతపనివాళ్ళుండే పర్వత్ పాటియాలో, మరమగ్గాల షెడ్ల వెనక సందులో ఆమె చాయ్ బండి. కరోనా రెండోసారి విరుచుకుపడి తగ్గి, షెడ్లు మళ్ళీ తెరుచుకున్న వానాకాలం అది. మాస్కులు గడ్డాల కిందికి దిగాయి గానీ ఇంకా జేబుల్లోకి పోలేదు.

ఆ సాయంత్రం బల్లకు ఒక చివర సుమన్ కూర్చున్నాడు, ఇంకో చివర గంగారాం. గంగారాం సుమన్ పనిచేసే షెడ్డుకు మాస్టర్. అంతకన్నా పెద్ద సంగతి, ఊర్మిళకు తండ్రి.

ఊర్మిళ మస్కట్‌లో ఒక ఆస్పత్రిలో పనికి పోయి, ప్రయాణికుల విమానాలు ఆగిపోవడంతో అక్కడే చిక్కుకుపోయింది. ఆమె కోసం సుమన్ మిగిలిపోయిన దారం ఏరుకుని, మాస్టర్ రాని ఆదివారాల్లో ఒక చీర నేశాడు. వాన దిగబోయే ముందు ఊరికి దగ్గర్లోని డుమస్ తీరంలో సముద్రం మీద కమ్ముకునే మబ్బు రంగు. ఆ చీర కట్టుకున్నాకే తండ్రికి వీడియో కాల్ చేస్తానని, మనసులో మాట తనే చెప్తానని ఊర్మిళ అన్నది. ఇక్కడ చూస్తే గంగారాం, దసరా పోగానే వరంగల్ సంబంధం ఖాయం చేసుకుందామని కనబడ్డవాళ్ళందరితో అంటున్నాడు. చీర చేరిందా, లేదా? సుమన్‌కు మగ్గం చప్పుడులో కూడా అదే ప్రశ్న వినబడుతోంది.

ఆ పార్సిల్ వివరాలు కంప్యూటర్‌లో కొట్టింది బిక్షపతే. రోడ్డు మీది కొరియర్ దుకాణంలో కూర్చునేది అతనే. ఎవరికీ చెప్పనని తన పిల్లల మీద ఒట్టేశాడు కూడా. అతనికింకా పెళ్ళే కాలేదన్న సంగతి సుమన్‌కు ఇప్పుడు గుర్తొచ్చింది.

"పెద్ద పనేం కాదు తియ్," అని మొదలుపెట్టాడు బిక్షపతి. "ఒక పిల్లగాడు పార్సిల్ తెచ్చిండు. బయటి దేశం పోవాలె. ఇదివరకైతె తూకమేసి, చిట్టి అంటిస్తె అయిపోతుండె. ఇప్పుడు గట్ల కాదు. సామాన్ కంటె ముందు సామాన్ కబురు పోవాలె. అండ్ల ఏమున్నది, ఎవరు పంపుతున్నరు, ఎవరికి, అంతా కంప్యూటర్ల ముందే పోతె, అక్కడి కస్టమ్సోళ్ళు చూసి సరే అంటెనే ఇక్కడ విమానం ఎక్కుతది. నేను కొట్టిన. పోయింది. గంతే."

"గింత ముచ్చటకేనా నా బల్ల అరగదీస్తున్నవ్?" అన్నది వజ్రమ్మ.

"ఆగక్కా, అసలు కథ ఇప్పుడే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కంప్యూటర్ వద్దన్నది! ఎందుకు? ఒక దేశం ఫోన్ నంబర్ అడుగుతది, ఇంకోటి నంబరొద్దు, గల్లీ పేరు చెప్పుమంటది. ఒగడు డబ్బాతోని బరువు అడుగుతడు, ఒగడు డబ్బా తీసి చెప్పుమంటడు. విమానం దుబాయ్ మీదికెళ్ళి పోవాలె, మస్కట్ల దిగాలె, ఇద్దరికి రెండు తీర్ల..."

మస్కట్ మాట వినబడగానే సుమన్ గట్టిగా దగ్గాడు. అంతే, బండి చుట్టూ ఉన్నవాళ్ళు మాస్కులు పైకి లాక్కుని ఎగిరి దూరం జరిగారు. వజ్రమ్మ శానిటైజర్ సీసా అందుకుంది. "పొలమారింది అత్తా, చాయ్ పొలమారింది!" అన్నాడు సుమన్ చేతులడ్డం పెట్టుకుని. గంగారాం మాత్రం కదల్లేదు. సాసర్లో చాయ్ పోసుకుని నిదానంగా ఊదుకుంటున్నాడు.

బిక్షపతికి దగ్గు అర్థమైతే కదా! "నాకు మండింది. బొంబాయి పెద్దాఫీసర్‌కు ఫోన్ కొట్టిన. సాబ్, నేను నేతోని కొడుకును. ఒక్క పడుగుల తలా ఒక మందం దారం కలిపితె బట్ట ముడుచుకపోతదా లేదా? మీ దేశాలన్నీ గదే పని చేస్తున్నయ్, అందరు ఒక్క తీరు అడగరాదా అన్న. ఆఫీసర్ కుర్చీల నుంచి లేశి నిలబడ్డడు."

"ఫోన్ల నిలబడ్డది నీకెట్ల కనబడ్డదిరా?"

"కుర్చీ కిర్రుమన్నది గదక్కా! ఇగ తెల్లారి నా సెల్లుల మీటింగ్. ఒమానోడు, దుబాయోడు, జపానోడు, జర్మనోడు, అందరొచ్చిన్రు. సెల్లు సాలలే. దుకాణం షట్టర్ మీద సినిమా లెక్క బొమ్మ వేసిన. షట్టర్ సాలలే. రింగ్ రోడ్ ఫ్లైఓవర్ గోడ మీద వేసిన. లారీలన్నీ ఆగి సూస్తున్నయ్."

"లాక్‌డౌన్ల లారీలేడివి?" అన్నది వజ్రమ్మ.

"అందుకే ఆగి ఉన్నయంటున్న! సరే, అందరు ఒక్కసారే లొల్లి. ఒగని మాట ఒగనికి తెల్వది. నేనొక్కటే మాట అన్న, మ్యూట్ అని. దునియా మొత్తం మ్యూట్! సముద్రం సుత అలలు బంద్ పెట్టింది. విమానాలు మబ్బులకు ఆనుకొని నిలబడ్డయ్, పైలట్లు కిటికీల్ల తలకాయలు పెట్టి ఇంటున్నరు. అప్పుడు సుద్దముక్క తీసి గీసిన. పంపేటోడు, తీసుకునేటోడు, సామాన్, బరువు, ఖరీదు. ఏ దేశమైనా గివే అడగాలె, గీ వరసల్నే అడగాలె. అందరు దస్కత్ పెట్టిన్రు. ఒక్క దేశం పెట్టనన్నది. మీకు సూరత్ చీరలు బంద్ అన్న. వాళ్ళ రాణి ఏడ్చుకుంట ఉరికొచ్చి పెట్టింది. ఇగ మన పార్సిల్ లేచింది సూడు, విమానం అక్కర్లే, ఏం అక్కర్లే! ముందు పోయిన కబురు వెంబడి, మాంజా పట్టుకున్న పతంగి లెక్క సముద్రం దాటి, సక్కగ పోయి ఆ పిల్ల చేతుల్ల వాలింది!"

సుమన్ దగ్గడం మరిచిపోయాడు. పక్కనెవరున్నారో కూడా మరిచిపోయాడు. మబ్బు రంగు చీర సముద్రం మీద ఎగిరిపోవడం, ఊర్మిళ రెండు చేతులూ చాచడం అతనికి కళ్ళకు కట్టినట్టు కనబడింది.

"నిజంగ చేరిందా అన్నా?" అని అడిగేశాడు.

గంగారాం సాసర్ కింద పెట్టాడు. "చేరలే," అన్నాడు. "బొంబాయి గోదాంలనే ఉన్నది. అండ్లున్న సామానేందో సరిగ చెప్పలేదని ఆపిన్రు."

బిక్షపతి చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టాడు. "నీకెట్ల ఎరుకన్నా?"

"మన షెడ్డోళ్ళు గ్యాస్‌కు రాసినా, టీకాకు రాసినా ఎవరి నంబర్ రాస్తరు?"

షెడ్డులో పనివాళ్ళ సిమ్ములు నెలకొకటి మారతాయి. మారని నంబరు మాస్టర్‌దొక్కటే. అందుకే ఎక్కడ అడిగినా అందరి నోటా అదే వస్తుంది. కొరియర్ దుకాణంలో నంబర్ చెప్పమన్నప్పుడు సుమన్ నోటా అలవాటుగా అదే వచ్చింది. ఎవరు పంపారో, ఎవరికి పంపారో చెప్పే ప్రతి మెసేజూ నేరుగా ఊర్మిళ తండ్రి ఫోన్లోకే వెళ్ళింది.

"దునియాను మ్యూట్ చేసినోడా, ఇప్పుడు నీ వంతు," అన్నది వజ్రమ్మ. బిక్షపతి నిజంగానే నోరు మూసుకున్నాడు.

"కంప్యూటర్‌కు ముందు చెప్పిన్రు. బొంబాయోళ్ళకు ముందు చెప్పిన్రు," అన్నాడు గంగారాం. గొంతులో కోపం లేదు, అదే సుమన్‌ను ఎక్కువ కోసింది. "పిల్ల తండ్రిని, నాకొక్క మాట ముందు చెప్పాల్నని ఎవరికీ అనిపియ్యలే. ఇప్పుడు నేను అడుగుతున్న. అండ్ల ఏమున్నది?"

సుమన్ లేచి నిలబడ్డాడు. "చీర కాకా. నేనే నేసిన. ఊర్మిళకు."

"ఎందుకు?"

"మేం లగ్గం చేసుకుందామని."

గంగారాం జేబులోంచి ఫోన్ తీసి చేతిలో అటూ ఇటూ తిప్పాడు. వరంగల్‌లో ఎవరికి ఏం చెప్పాలో ఆలోచించుకుంటున్నట్టున్నాడు. ఆఖరికి అడిగాడు, "అంచు ముడుతపడి గుంజుకపోయిందా?"

"లేదు కాకా. సక్కగ వచ్చింది."

"ఊఁ." గంగారాం బిక్షపతి వైపు తిరిగాడు. "నువ్వేం సామానని కొట్టినవ్‌రా?"

"గిఫ్ట్ అని, అన్నా."

"లేశి దుకాణం తెరువు. పెండ్లి చీర అని కొట్టు. నంబర్ మాత్రం మార్చకు, నాదే ఉండనీ."