పదకొండు శభాష్‌లు

మధ్యాహ్నం జిమ్ ఖాళీగా ఉంది. ట్రైనర్ డంబెల్స్ తుడుస్తున్నాడు. ఆసుపత్రి ఫైలు పట్టుకుని ఒకాయన లోపలికి వచ్చాడు.

“మా ఆవిడ బరువు కార్డు మీ దగ్గరుందట. ఎప్పట్నుంచి తగ్గుతోందో డాక్టరుగారికి తారీఖులు కావాలట.”

“మేడం నెల నుంచి రావట్లేదు. ఎలా ఉన్నారండీ?”

“ఆసుపత్రిలో ఉంది. కడుపులో గడ్డ. ముందే చూపించుకుని ఉండాల్సిందన్నారు.”

“అయ్యో... కూర్చోండి. ఇదిగోండి కార్డు. వారం వారం నేనే రాశాను.”

“పదకొండు వారాలు, పదకొండు కిలోలు. ప్రతి తారీఖు పక్కనా ఇదేంటండీ?”

“శభాష్ అని. అందరికీ రాస్తాను, హుషారుగా ఉంటుందని.”

“చివరి నాలుగు వారాలూ కసరత్తుల గడులు ఖాళీగా ఉన్నాయే?”

“నీరసమంటూ ఆ బల్ల మీద కూర్చుని వెళ్లిపోయేవారు.”

“అన్నం సయించట్లేదని చెప్పిందా?”

“చెప్పారు. మంచిదే కదా మేడం, అన్నాను.”

“ఊఁ.”

“కాటా మీద బరువు తగ్గుతుంటే అంతా నా చలవే అనుకున్నానండి. గోడ మీద మేడం ఫొటో కూడా పెట్టాను.”

“చూశాను. బాగా వచ్చింది.”

“తీసేస్తానండి.”

“మీ ఇష్టం.”

“ఆ కార్డు ఒకసారి ఇలా ఇవ్వండి. శభాష్‌లన్నీ కొట్టేసి అంకెలు మాత్రం ఉంచుతాను. డాక్టరుగారు చూస్తే...”

“ఉండనివ్వండి. పెళ్లినాటి ఉంగరం వేలికి వదులైపోయిందని మురిసిపోతూ చూపించింది. నేనూ అదే మాటన్నాను.”