బ్రాకెట్లలో మా కాపురం

ముందుగా నా బదులు ఈ కాగితం సభలో చదివిపెట్టడానికి ఒప్పుకున్న టైపిస్టు అక్కకు నా క్షమాపణలు. అక్కా, నా చేతిరాత కోడి కెలికినట్టు ఉంటుంది. ఒత్తులు ఉండాల్సిన చోట ఉండవు, అక్కర్లేని చోట రెండేసి ఉంటాయి. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. తప్పులుంటే సరిచేసి చదవండి గానీ మాటలు మాత్రం మార్చకండి. మాటలు మార్చడానికి మీ ఆఫీసులో వేరే సంఘం ఉందని నాకు తెలుసు. (ఇక్కడ కాస్త ఆగండక్కా. నవ్వేవాళ్ళుంటే నవ్వుకుంటారు.)

సభాధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, దేశదేశాల నుంచి విమానాలెక్కి వచ్చి చెవులకు గొట్టాలు తగిలించుకుని వింటున్న ప్రతినిధులకు, గాజు గదిలో కూర్చుని నా ముక్కల్ని అన్ని భాషల్లోకీ మారుస్తున్న దుభాషీలకు, మూడో వరుసలో నా పక్కనే కూర్చుని "ఏం రాశావే, చెప్పవే" అని పొద్దుటి నుంచీ ప్రాణం తీస్తున్న మా మేనత్తకు, ఈ ఉక్కలో వేదిక మీద శాలువా కప్పుకుని చెమటలు కక్కుతున్న మా బావకు నమస్కారాలు. బావంటే మా మేనత్త కొడుకు, నా మొగుడు. వలస వచ్చే నీటిపక్షుల్ని కాపాడటానికి ఇన్ని దేశాలు కలిసి పెట్టుకున్న ఈ సచివాలయానికి మూడేళ్ళు పెద్దగా ఉండి ఇవాళ దిగిపోతున్న కార్యదర్శి.

బావ సన్మాన సభలో నేను మాట్లాడాలని ఉప కార్యదర్శి మేడమ్ గారు ఫోన్ చేసినప్పుడు నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. నలుగురిలో నా పేరు అడిగితేనే పైట చెంగు నోట్లో పెట్టుకునే మనిషిని. మేడమ్ గారు పెద్ద మనసుతో ఒక నమూనా కూడా పంపారు. అందులో "ఆయన విజయం వెనుక నా చిరు త్యాగం" అని రాసి ఉంది. మేడమ్ గారూ, త్యాగం చేసేవాళ్ళను ముందు అడుగుతారు కదండీ? నన్ను ఎవరూ అడిగిన గుర్తు లేదు. అందుకని ఆ ముక్క వదిలేసి సొంతంగా రాసుకున్నాను. వెక్కిరింపును మీ భాషల్లోకి మార్చడం కష్టమైతే, దుభాషీలు దాన్ని పొగడ్తగా మార్చినా నాకేం బాధ లేదు. ఇక్కడ అది అలవాటే కదా.

మీ ఆఫీసును పొగడకుండా ఉండలేను. ఎంత చక్కని భవనం! టీ కప్పుల మీద కొంగలు, అయ్యల మెడ టైల మీద బాతులు, లిఫ్టు తలుపు మీద హంసలు, ఆఖరికి చేతులు కడుక్కునే చోట కూడా ఒక పిట్ట బొమ్మ. ప్రాణమున్న పక్షిని మాత్రం ఇక్కడ నేను ఒక్కసారే చూశాను. బావ గది కిటికీ చూరు మీద పావురం గూడు కట్టబోతుంటే, అది వాలకుండా ఇనప ముళ్ళు బిగిస్తున్నారు. "అయ్యో, ఇదేంటి బావా?" అన్నాను. "పావురం వలస పక్షి కాదు. మా పరిధిలోకి రాదు" అన్నాడు. పాపం ఆ పావురం, ఎక్కడికీ వలస పోకుండా ఇక్కడే ఉండిపోవడం దాని తప్పే మరి.

ఇక అసలు విషయం. ఇక్కడ ఏ తీర్మానం రాసినా అన్ని దేశాలూ ఒప్పుకోవాలి. ఒక్కరు కాదన్నా ఆ మాటకు అటూ ఇటూ బ్రాకెట్లు పెట్టి తర్వాతి సమావేశానికి తోసేస్తారు. అన్నీ తేలాక అధ్యక్షులవారు హాలంతా కలయజూసి "అభ్యంతరాలు లేవు కదా" అని చేతిలోని చిన్న సుత్తి టక్కున కొడతారు. కొట్టాక ఇంకెవరూ నోరెత్తకూడదు. ఇది గొప్ప పద్ధతే కావచ్చు. కానీ అయ్యలారా, అమ్మలారా, ఆ బ్రాకెట్లు మా ఆయన జేబులో పడి ఇంటిదాకా వచ్చేశాయి.

మా సోఫాలో స్ప్రింగు పైకి తేలింది, మార్చుదామంటే బ్రాకెట్. మా అమ్మను చూసొద్దామంటే బ్రాకెట్. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే, వాళ్ళమ్మ మొహం చూసి, నా మొహం చూసి, "రెండు అభిప్రాయాలకూ చోటుంది" అంటాడు. మా మేనత్త నోరు గలది. "ఒరే, నువ్వు లోకంలో కొంగలన్నిటికీ దారి చూపిస్తున్నావు గానీ, ఉప్పు డబ్బా ఎటుందో నీకు తెలీదు కదరా" అంటుంది. (అత్తయ్యా, క్షమించు. నువ్వన్నదే రాశాను.)

మా పాపకు ఎనిమిది నెలలు నిండాయి. పేరు లేదు. అత్తయ్య తన అత్తగారి పేరు పెట్టాలంటుంది. మా అమ్మ ఫోన్లో వాళ్ళమ్మ పేరు పెట్టాలంటుంది. బావ రెండు పేర్లనూ బ్రాకెట్లో పెట్టాడు. టీకా వేయించడానికి తీసుకెళ్తే నర్సమ్మ పేరు అడిగింది.

"ఇంకా ఖరారు కాలేదండి, చర్చల్లో ఉంది" అన్నాడు మా బావ, నిజంగానే, మొహంలో నవ్వన్నది లేకుండా.

"మీ చర్చలు తేలేసరికి పిల్లకు పెళ్ళీడు వస్తుందండీ" అంది ఆవిడ.

"అందరికీ సమ్మతమైన పేరు కావాలి కదండీ."

"పిల్లకు సమ్మతమో కాదో అడిగారా?"

ఆ నర్సమ్మను మీ సచివాలయంలో వేసుకుంటే బాగుండేది.

(ఇక్కడ ఒక గుక్క మంచినీళ్ళు తాగండక్కా. తర్వాతిది కాస్త నెమ్మదిగా చదవండి.)

మీరంతా ఎరిగిన ఆ ఉప్పు చెరువు సంగతి చెబుతాను. చలికాలంలో ఉల్లంకి పిట్టలు మబ్బులు దిగినట్టు దిగే చెరువు. దాని నీళ్ళు తోడటం ఆపాలని తీర్మానం. "ఆపాలి" అని కొందరు, "వీలైనంత మేరకు ఆపాలి" అని కొందరు. ఆ "వీలైనంత మేరకు" అన్న ముక్క మూడు సమావేశాలు బ్రాకెట్లో కూర్చుంది. మా బావ దాన్ని తీయించడానికి పడిన పాట్లు నాకు తెలుసు. నిద్రలో కూడా "వీలైనంత మేరకు, వీలైనంత మేరకు" అని కలవరించేవాడు. చివరికి ఒకరోజు ఇంటికొచ్చి బూట్లయినా విప్పకుండా చెప్పాడు.

"పోయింది! వీలైనంత మేరకు పోయింది!"

"మంచిది బావా. చెరువు ఎలా ఉంది?"

బూట్లు విప్పడానికి వంగాడు. "అది కూడా పోయింది" అన్నాడు.

తీర్మానం గెలిచిన వారంలోనే ఆ చెరువులో చివరి మడుగు ఎండిందట. పిట్టలు వచ్చి, తిరిగి, వెళ్ళిపోయాయట. వాటికి మీ బ్రాకెట్లు చదవడం రాదు. ఆ సాయంత్రం ఇక్కడ మీరంతా చప్పట్లు కొట్టి కేకు కోశారు. మా ఇంట్లో బావ పెరటి మెట్ల మీద కూర్చుని రబ్బరు బూట్లు తుడిచాడు. మోకాళ్ళ దాకా వచ్చే ఆ బూట్లు అతను తొడిగి మూడేళ్ళయింది. వాటిలో పాప గిలక్కాయలు వేసుకుంటోంది. గిలక్కాయలు తీసి పక్కన పెట్టి, తుడిచి, మళ్ళీ ఎందులోవి అందులో వేశాడు. నేను తలుపు వెనకాల నిలబడి చూశాను గానీ బయటికి రాలేదు.

ఆ బూట్లు అతను తొడిగిన రోజులు నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో, బావ కార్యదర్శి కాకముందు, మేము చిత్తడి నేల అంచున రెండు గదుల క్వార్టర్లో ఉండేవాళ్ళం. ఏ పక్షి ఎటు వలస పోతోందో ఆనవాలు దొరకడానికి వాటి కాళ్ళకు నంబరు ఉంగరాలు తొడగడం అతని పని. వల నుంచి విడిపించిన పిట్టను పట్టుకోవడం నాకూ నేర్పాడు. మెడ రెండు వేళ్ళ మధ్య, ఒళ్ళు అరచేతిలో, బిగించకూడదు, వదలకూడదు. మొదటిసారి నా చేతిలో పెట్టినప్పుడు ఆ పిట్ట గుండె నా అరచేతిలో కొట్టుకుంటుంటే నేను బిక్కచచ్చిపోయాను.

"ఏం చెయ్యాలి బావా?"

"ఆలోచించకు. ఉంగరం తొడుగు, వదిలెయ్. చేతిలో పిట్ట ఉన్నప్పుడు వాయిదాలు ఉండవు. ఆలస్యమైతే బెదిరి చస్తుంది."

ఆ రోజుల్లో మా బావ ఒక్క మాటకైనా బ్రాకెట్ పెట్టినట్టు నాకు గుర్తు లేదు. ఇక్కడికి వచ్చేటప్పుడు "మూడేళ్ళే, తర్వాత మళ్ళీ ఈ గుమ్మంలోకే" అన్నాడు. ఆ క్వార్టర్ ఇంకా ఖాళీగానే ఉంది. ఆ ఉద్యోగం అతని కోసం ఆపి ఉంచారు. ఈ నెలాఖరు దాటితే ఇంకెవరికో ఇచ్చేస్తారు.

పోయిన ఆదివారం అధ్యక్షులవారు మా ఇంటికి దయచేశారు. ఆ స్ప్రింగు తేలిన సోఫాలోనే కూర్చున్నారు. గుచ్చుకున్నా చెదరని చిరునవ్వు చూసి, ఇంత పెద్ద పదవి ఊరికే రాదనుకున్నాను. "మీ పదవీకాలం అయిపోయింది గానీ మీ అవసరం అయిపోలేదు. ముఖ్య సలహాదారుగా ఇంకో మూడేళ్ళు ఉండండి" అన్నారు. బావ టీ కప్పులోకి చూసి, "నా జవాబు ప్రస్తుతానికి బ్రాకెట్లో పెట్టండి సార్" అన్నాడు.

"అయితే సన్మాన సభలోనే తీర్మానం పెట్టేస్తాను. అభ్యంతరాలు ఉండవులే" అని, నా వైపు తిరిగి, "అమ్మా, మీకేం అభ్యంతరం లేదు కదా?" అని, నేను నోరు తెరిచేలోగా "టీ చాలా బాగుంది" అన్నారు. అయ్యా, మీ చేతిలో సుత్తి లేకపోయినా ఆ చప్పుడు నాకు వినబడింది.

ఆయన వెళ్ళాక అడిగాను. "బావా, ఉంటామా, వెళ్తామా?"

"అందరూ ఏమంటారో చూద్దాం."

"ఆ అందరిలో నేను ఉన్నానా?"

"నువ్వు పరిశీలకురాలివి" అని నవ్వాడు. పరిశీలకులంటే సమావేశంలో వెనక కుర్చీల్లో కూర్చునేవాళ్ళట. మాట్లాడొచ్చు గానీ ఓటు ఉండదట. సరదాకే అన్నాడు. నేనూ నవ్వాననుకున్నాడు.

అధ్యక్షులవారూ, మీరు నాకు పెద్దవారు, తండ్రిలాంటివారు. మా బావను మీరు ఇష్టపడే అడుగుతున్నారని నాకు తెలుసు. మూడేళ్ళుగా అతనికి ఇచ్చిన గౌరవానికి, పాప పుట్టినప్పుడు మీరు పంపిన ఊయలకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఇవాళ అతనికి ఇచ్చిన ఈ కొయ్య కొంగ కూడా ఎంతో బాగుంది, ఇద్దరు మోస్తే గానీ కదలదు. మా ఇంట్లో కదలనివి ఇప్పటికే చాలా ఉన్నాయి గానీ, దానికీ చోటు చూస్తాను. కానీ ఇంకాసేపట్లో మీరు హాలంతా కలయజూసి, జవాబు కోసం ఆగకుండా, సుత్తి ఎత్తుతారు. అందుకే ముందుగానే చెబుతున్నాను. నాకు అభ్యంతరం ఉంది. అప్పుడు మూడో వరుసలో పాపను ఎత్తుకుని లేచి నిలబడే మనిషిని నేనే. నాకు ఓటు లేదు కనుక తీర్మానం నావల్ల ఆగదు. ఆపగలిగినవాడు వేదిక మీద శాలువాతో కూర్చుని ఉన్నాడు.

బావా, పాపకు పేరు నేను పెట్టేశాను. అత్తయ్యనూ అడగలేదు, అమ్మనూ అడగలేదు. ఇక్కడ చెబితే సవరణలు వస్తాయి. ఆ రెండు గదుల ఇంటి గుమ్మంలో నీ చెవిలో చెబుతాను. నువ్వు ఇక్కడే ఉంటానంటే ఉందాం, నిన్ను వదిలి నేనెక్కడికీ పోను. అయితే అది నీ నోటితో అను. అందరూ ఏమంటారో చూద్దామనకు. అధ్యక్షులవారు సుత్తి ఎత్తగానే నీ అరచేతిలోకి చూసుకో. అక్కడ ఒక పిట్ట ఉంది.

ఇంతసేపు ఓపిగ్గా విన్న మీ అందరికీ, నోరు లేనిదానికి నోరిచ్చిన టైపిస్టు అక్కకు కృతజ్ఞతలు. అక్కా, చదవడం అయిపోగానే ఈ కాగితాన్ని కాల్చెయ్యండి. మీ రికార్డుల్లో మాత్రం పెట్టకండి. పెడితే రేపు ఎవరో ఒకరు నా అభ్యంతరానికి అటూ ఇటూ బ్రాకెట్లు గీస్తారు.

నేను లేచి నిలబడుతున్నాను. సెలవు.