పక్కకి పడే బరువు

"మళ్లీ కదులుతోందా?"

"ఆయ్. నాలిక తగిలితే చాలండి, కదులుతోంది. మొన్నేగా మీరు బిగించేరు?"

అమలాపురంలో ఒక పళ్ల ఆసుపత్రి. రాజోలు నుంచి వచ్చిన రత్నమాల కుర్చీలో వెనక్కి వాలి ఉంది. డాక్టరు శిరీష ఎక్స్‌రే చూస్తోంది.

"గట్టివేమైనా కొరికేరా? చెరకు, చేగోడీలు..."

"లేదండి. పెరుగన్నమే తింటున్నాను. ఒక్క మనిషికి వండుకునేదేముంటుంది?"

"ఒక్కరేనా? మీవారు..."

"ఉన్నారండి. ఆ పన్ను సంగతి చెప్పండి."

"ఇదిగో, ఎముకలోకి దిగింది ఈ స్క్రూ. పైన కనపడేది మేం పెట్టిన కట్టుడు పన్ను. రెంటినీ కలిపేది మధ్యలో ఈ పోస్టు, అబట్‌మెంట్ అంటాం. మీ ఎముక పల్చన కదా, స్క్రూ కాస్త వాలుగా దిగింది. అందుకని పోస్టు కూడా వంపుదే పెట్టాల్సొచ్చింది. బరువు నిటారుగా దిగితే ఎముక ఓర్చుకుంటుంది. పక్కకి తోస్తే బరువంతా స్క్రూ మెడ దగ్గరే పడుతుంది. ఇక్కడ నల్లగా ఉంది చూసేరా? ఎముక కరుగుతోంది."

"పోస్టు మార్చెయ్యండి మరి."

"మారుస్తాను. ఇంకాస్త సన్నటిది పెడితే అంచు మీద ఒత్తిడి తగ్గుతుంది. కానీ ఏది పెట్టినా... రత్నమాల గారూ, నిద్రలో పళ్లు కొరుకుతారా మీరు?"

"నిద్రలో సంగతి నాకెలా తెలుస్తుందండి?"

"ఎవరూ చెప్పలేదా?"

"చెప్పేవాళ్లెవరండి? ఇల్లు ఒకటే, మధ్యలో గోడ కట్టించేం. అటు ఆయన, ఇటు నేను. మా నాన్న పోతే కడసారి చూడ్డానికైనా రాలేదాయన. అప్పట్నుంచి మాటల్లేవు."

"కొరుకుతున్నారండి మీరు."

"పళ్లు చూస్తే తెలిసిపోతుందా?"

"కొంత తెలుస్తుంది. కానీ... చెప్పొద్దన్నారు."

"ఎవరు?"

"పొద్దున్న మీవారు ఫోన్ చేసేరు. మీరొచ్చే ఆటో మాణిక్యాన్ని అడిగి ఇక్కడి నంబరు తీసుకున్నారట."

"ఆయనా?"

"‘మా ఆవిడ రాత్రంతా పళ్లు కొరుకుతోందండి, ఆ కొత్త పన్నుకేమవుతుందో చూడండి’ అన్నారు."

"గోడ అవతలికి వినపడుతుందా అంత?"

"గోడకి ఆనించి మంచం వేసుకున్నారట."

"ఇటువైపుకా? ఆ గదిలో కిటికీ అటు కదండీ ఉంది, గాలొచ్చేది అటు..."

"ఆయ్. ఇటే."

"ఇంకేమన్నారు?"

"గోడకి ఇవతల మీరున్నారని తెలిసేది ఆ చప్పుడుతోనే అన్నారు."

రత్నమాల చెంగుతో కళ్లొత్తుకుంది.

"రత్నమాల గారూ, ఈ దూది తీసుకోండి, కళ్లు తుడుచుకోండి. నైట్ గార్డ్ అని ఒకటి చేసిస్తాను. పడుకునేటప్పుడు పళ్లకి తొడుక్కోవాలి. అది లేకపోతే ఆ ఎముక నిలవదు. పన్ను ఊడొచ్చేస్తుంది."

"అది పెట్టుకుంటే చప్పుడు రాదాండి?"

"అస్సలు రాదు."

"అయితే వద్దులెండి."