పదకొండో గది

పెన్సిల్వేనియా కొండల్లో ఒక బొగ్గు గని ఊరు, 1913. ఆదివారం, పొద్దు వాలుతున్న వేళ. పన్నెండు రోజుల క్రితం గని కప్పు కూలి భర్తను పోగొట్టుకున్న జుజానా గుమ్మంలో, కంపెనీ ఇళ్ళ గుమాస్తా టీగ్ నిలబడి ఉన్నాడు.

“చెప్పిందే ఎన్నిసార్లు చెప్పను? ఈ ఇల్లు బొగ్గు తవ్వేవాడిది. తవ్వేవాడు పోయాడు. ఇక నువ్వెవరు?”

“తవ్వినవాడి పెళ్ళాన్ని, టీగ్ గారూ.”

“పెళ్ళాం తవ్వుతుందా? రేపు పొద్దున్నే ఇటలీ వాళ్ళు దిగుతున్నారు. ఈ రాత్రికే ఖాళీ చెయ్.”

“చంటిదానికి జ్వరం.”

“ఇవాళ జ్వరం. పోయినవారం వాన. అంతకుముందు శవపేటిక. నీ సాకులకు అంతుందా?”

“శవపేటిక సాకా?”

“మాట పట్టుకోకు. సామాను నువ్వు తీస్తావా, నా మనుషుల చేత వీధిలోకి విసిరించాలా?”

“వచ్చేవాడు ఎక్కడ తవ్వుతాడు?”

“నీకెందుకు?”

“ఊరికే.”

“మీ ఆయన తవ్విన చోటే. గనిలో పదకొండో గది. కప్పుకి కొత్త దుంగలు పెట్టించాం.”

“చూశాను. పచ్చివాసన ఇంకా పోలేదు.”

“చూశావా? ఎక్కడ చూశావు?”

“మధ్యాహ్నం వెళ్ళాను. ఆదివారం కదా, తవ్వేవాళ్ళు లేరు. అతను పడ్డచోట కాసేపు కూర్చున్నాను.”

“అబద్ధం! ఆడది గనిలో అడుగుపెట్టడమా? ఆడదాని నీడ పడితే కొండ మీద పడుతుందని ఈ గనివాళ్ళు... తెలిస్తే ఒక్కడు దిగడు!”

“అవును. దిగరు.”

“నిన్నెవరు చూశారు?”

“గనిలో నీళ్ళు తోడే పంపు దగ్గరి ముసలాయన. దీపం కూడా వదిలేసి పరిగెత్తాడు, పాపం.”

“వాడు తాగుబోతు. వాడి మాట ఎవడు నమ్ముతాడు?”

“నమ్మక్కర్లేదు. కళ్ళతోనే చూస్తారు. గ్యాసు పరీక్షించే మనిషి రోజూ తెల్లవారకముందే ప్రతి గదిలో గ్యాసు లేదని రాతిమీద సుద్దతో తేదీ వేస్తాడు కదా. అది చూడందే ఎవడూ పలుగెత్తడు. నిన్నటి తేదీ కింద నా పేరు రాసొచ్చాను.”

“నీకు అక్షరమ్ముక్క రాదు!”

“పేరొకటి వచ్చు. తప్పంతా నా మొగుడిదేనని కాగితం తెచ్చి, సంతకం కోసం నాలుగుసార్లు మీరే దిద్దించారు.”

“ఆ... ఆ గ్యాసు మనిషికే చెప్తాను. వాడే చెరిపేస్తాడు.”

“చెప్పండి. లోపలికి వెళ్ళడు సరికదా, మీ మాట పూర్తయ్యేలోగా ఊరంతా చాటేస్తాడు.”

“ఒట్టి మూఢనమ్మకం! చదువుకున్నవాడెవడైనా...”

“మీరు చదువుకున్నారుగా. ఇదిగో తడిగుడ్డ. ఇదిగో దీపం. వెళ్ళి తుడిచిరండి. మీరు బయటికొచ్చేసరికి మూటాముల్లెతో వీధిలో ఉంటాను. ఒట్టు.”

“నాకేం భయమా?”

“అనలేదే.”

“ఆ కప్పు గట్టిది. నేనే దగ్గరుండి చూశాను.”

“మరి వెళ్ళండి.”

“చీకటి పడుతోంది.”

“లోపల మిట్టమధ్యాహ్నమైనా చీకటే, టీగ్ గారూ.”

“నువ్వు... నువ్వు ఆ దీపం కింద పెట్టు.”

“ఒక్క తుడుపు. అంతే.”

“పెట్టమన్నానా! ... మా నాన్న ఒకరోజు అన్నం డబ్బా మర్చిపోయాడు. మా అమ్మ గనిలోకి పట్టుకెళ్ళి ఇచ్చొచ్చింది. ఆ సాయంత్రమే ఆయన మీద కప్పు కూలింది. ఇక ఆ ఇటలీ వాళ్ళని పదకొండో గదిలోకి పంపలేను. మీరు సామాను కదపకండమ్మా.”