కనుమరుగయ్యేదాకా

జువ్వలదిన్నె రేవు పక్క ఇసుకలో, పొద్దున పది గంటల వేళ, జమాల్‌బీ సముద్రానికి వీపు పెట్టి కూర్చుంది. బోగోలు నుంచి వచ్చిన ఉషారాణి డ్రోను పెట్టె విప్పుతోంది.

“అది బాంబులేసేది గదా అమ్మాయ్?”

“ఎవురు చెప్పినారవ్వా నీకు?”

“ఎవురో చెప్పేదేంది? పొట్లాం కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నదాన్ని. పేపర్లో రోజూ రాస్తానే ఉండారు. యాడో యుద్ధంలో ఇట్టాంటివే వచ్చి ఇళ్ళ మీద పడతన్నాయంట.”

“అవి వేరే అవ్వా. ఇది మా చేలల్లో తిరిగేది. వరికి తెగులు యాడ తగిలిందో పైనుంచి ఫొటో తీస్తది. మందు కొట్టేది ఇంకోటుండాది, పెద్దది. పొలాలు కొలిచేదానికీ, వరదలొస్తే మునిగిన ఇళ్ళకు మాత్రలు చేరేసేదానికీ ఇట్టాంటివే.”

“మనిషిని ఎతికేదానికి?”

“దానికీ. అందుకే గదా ఎత్తుకొచ్చినా. మా పంపు మోటారు చెడిపోతే నీ మనవడు తహీరే బాగుచేసిచ్చేది, వాడికోసం రానా? పోలీసులకు చెప్పినా, ఎగరెయ్యమన్నారు. మస్తానయ్యన్న పడవ మీద సిద్ధంగా ఉండాడు. మనం దిక్కు చెప్తే చాలు. ఎన్ని గంటలకు పొయ్యినాడు?”

“ఆరింటికి. పడవ ఇంజను ఒక చుట్టు తిప్పి చూసుకుని వస్తా, టీ పెట్టు అన్నాడు. టీ చల్లారింది. మళ్ళా కాచినా. మళ్ళా చల్లారింది.”

“ఒక్కడేనా?”

“ఒక్కడే. పోలీసాయనకూ అదే చెప్పినా. ఒక్కడే.”

“సరే, ఇట్టా తిరుగవ్వా. నేను ఫోను తెర చూస్తా ఉంటా. నువ్వు డ్రోనును కనిపెట్టి ఉండు. గద్దలొచ్చి తగులుకుంటే చెప్పు. ఆ పని మా తమ్ముడు పెంచలకృష్ణది. ఈపొద్దు ఫోనెత్తలా, యాడ పడి నిద్దరపోతన్నాడో. నా ఆరెంజి టోపీ గూడా ఎత్తుకపొయ్యినాడు. ఎండ కండ్లల్లో కొడతా ఉండాది.”

“నేను తిరగను.”

“ఒక్క పదినిమిషాలు అవ్వా...”

“తిరగను. పొయ్యేవాళ్ళను కనుమరుగయ్యేదాకా చూడగూడదు. నేను చూసినా. మా ఇంటాయన మీరా మొహిద్దీన్ను బస్సెక్కించి, బస్సు మలుపు తిరిగేదాకా చూసినా. తడ కాడ లారీ గుద్దింది. నా బిడ్డ షబానాను కాన్పుకు జీపెక్కించి, ఎనక ఎర్రలైటు మాయమయ్యేదాకా చూసినా. పసిబిడ్డొచ్చినాడు, షబానా రాలా. ఆ పసిబిడ్డే తహీరు. అందుకే వాడు సముద్రంలోకి పోతే నేను ముందే మొహం తిప్పుకుంటా. ఈపొద్దూ అంతే. పడవ నెట్టకముందే ఇంటి దిక్కు తిరిగినా.”

“నెట్టకముందేనా?”

“ముందే. అయినా ఇట్టయింది.”

“సరే, అట్టనే కూచో. ఎగరేస్తన్నా.”

“అమ్మో, కందిరీగల గూడు కదిలించినట్టుండాదే! యాడిదాకా పొయ్యింది?”

“రెండు కిలోమీటర్లు.”

“ఏముండాది?”

“నీళ్ళు.”

“ఇప్పుడు?”

“నీళ్ళే అవ్వా.”

“దాంట్లో బ్యాటరీ ఉండాదా?”

“అరవై. నలభైకొస్తే ఎనక్కి తిప్పెయ్యాల. ఇంకోటి సంచిలో ఉండాది, భయపడబాక.”

“భయపడబాకంటే భయం పోతదా? ఎందుకు మాట్లాడవు? అమ్మాయ్!”

“ఉండు... ఉండవ్వా... పడవ! తెల్లది, నీలం గీత...”

“నీలం గీత మాదే! వాడుండాడా?”

“ఉండాడు. నిలబడుండాడు. చేతులూపతన్నాడు.”

“యా అల్లా! తెర ఇట్టా తిప్పు. నా తండ్రీ! టీ పెట్టమని చెప్పి, సచ్చినోడా...”

“హలో, మస్తానయ్యన్నా, దొరికినాడు! ఈశాన్యం దిక్కు, నాలుగు కిలోమీటర్లుంటది. బయల్దేరు.”

“నవ్వవేం అమ్మాయ్? బతికుండాడు గదా!”

“అవ్వా, వాడు మనకు ఊపటంలా. నీళ్ళల్లోకి చూపిస్తన్నాడు. రెండు వేళ్ళు ఎత్తి, మళ్ళా నీళ్ళల్లోకి.”

“రెండేంది?”

“కొంచెం కిందికి దించుతా. పడవ అడుగున ఏదో పడుండాది. ఆరెంజి రంగు.”

“గుడ్డ పీలికేమో.”

“టోపీ.”

“ఏం టోపీ?”

“నా టోపీ అవ్వా. వాడికి ఈత రాదు.”

“మీ తమ్ముడా?”

“అవ్వా, వాడికి ఈత రాదు.”

“నేను ఒక్కడే అన్నా. పోలీసాయనకూ, మస్తానయ్యకూ, నీకూ. మొహం తిప్పుకోకుంటే ఇద్దరెక్కింది చూసుందును.”

“పడవ చుట్టూ నీళ్ళే కనపడతన్నాయి. ఎటు తిప్పాల్నో తెలియకుండా ఉండా...”

“ఇటు విను. పడవలో ఖాళీ డీజిల్ క్యాను ఉంటది, పచ్చది. ఉండాదా?”

“లేదు. లేదవ్వా.”

“లేకుంటే మీ తమ్ముడు దాన్ని పట్టుకునుంటాడు. తహీరే ఇసిరేసుంటాడు. ఏడవబాక. డ్రోనును ఎనక్కి తిప్పు. అదొచ్చేలోపల మస్తానయ్యకు ఇద్దరని చెప్పు. ఆ రెండో బ్యాటరీ తియ్యి. ఇదిగో, సముద్రం దిక్కు తిరిగినా. మళ్ళా ఎగరెయ్యి. కనుమరుగయ్యేదాకా చూస్తా. కనుమరుగైనాక గూడా చూస్తానే ఉంటా.”